1947 దగ్గర ఆగిపోయిన మన చరిత్ర

ప్రభుత్వాలు మన గురించి కట్టించిన మ్యూజియాలలో, మేము చూసినంతలో, రెండు రకాల గదులు ఉంటాయి. ఒక గదిలో బుట్టలు, విల్లంబులు, వలలు, తుడుం, కిక్రీ, నెమలి ఈకల గుస్సాడీ టోపీ, గుడిసె ముందు తిరగలి విసురుతున్న ఆడమనిషి బొమ్మ ఉంటాయి. ఆ గదిలో ఎంత వెతికినా ఒక్క సంవత్సరం కనిపించదు. ఆ బుట్ట ఎవరు అల్లారో, ఏ గూడెం నుంచి వచ్చిందో, ఎప్పటిదో రాసి ఉండదు. గిరిజనుల బుట్ట అని మాత్రం ఉంటుంది. రెండో గదిలో వీరులు ఉంటారు. ఇక్కడ సంవత్సరాలు ఉంటాయి. 1857, 1879, 1900, 1922, 1940. తరువాత 1947 వస్తుంది, గది అయిపోతుంది. బయటికి వస్తే ఫోటోలు దిగే చోటు ఉంటుంది.

మొదటి గది చూసిన పిల్లవాడికి మనకు అలవాట్లే తప్ప చరిత్ర లేదనిపిస్తుంది. రెండో గది చూస్తే చరిత్ర ఉందిగాని తెల్లవాళ్ళు పోగానే అది ముగిసిపోయిందనిపిస్తుంది. ఈ రెండిటి పక్కన ఉండాల్సిన మూడో గది ఒకటి ఉంది. అందులో 1947 తరువాతి మన భూమి, మన అడవి, మన మీద జరిగిన కాల్పులు ఉండాలి. ఆ గది ఎందుకు లేదు, దాన్ని ఎవరు కట్టాలి అన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది.

మ్యూజియం అంటే పాత వస్తువులను దాచిపెట్టే చోటు అని మనం పిల్లలకు చెబుతాం. ఆ మాట సగమే నిజం. ఏ వస్తువు దాచాలి, దాని కింద ఏం రాయాలి, ఏ పేరు తలుపు మీద పెట్టాలి అని నిర్ణయించేవాళ్ళు ఉంటారు. డబ్బు ఎవరు ఇస్తే నిర్ణయం చాలావరకు వారిదే. 2016 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి, బ్రిటిషువారితో పోరాడిన ఆదివాసుల జ్ఞాపకంగా ఆయా రాష్ట్రాలలో మ్యూజియాలు కట్టిస్తామని ప్రకటించారు. ఆ తరువాత కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ పది రాష్ట్రాలలో పదకొండు మ్యూజియాలు మంజూరు చేసింది. డబ్బులో పెద్ద భాగం కేంద్రానిది, కట్టించే పని రాష్ట్రానిది, లోపల పెట్టే సమాచారం కూర్చేది ఎక్కువగా గిరిజన పరిశోధన సంస్థలు. రాంచీలో బిర్సా ముండా ప్రాణం విడిచిన పాత జైలును 2021 నవంబరు 15న మ్యూజియంగా తెరిచారు. మధ్యప్రదేశ్‌లో జబల్‌పూర్, ఛింద్వాడా, గుజరాత్‌లో నర్మద ఒడ్డు, కేరళలో వయనాడ్, మణిపూర్, మిజోరం, గోవా, ఛత్తీస్‌గఢ్ ఆ జాబితాలో ఉన్నాయి. మనకు సంబంధించి ఆంధ్రప్రదేశ్‌లో లంబసింగి వైపు అల్లూరి పేరుతో ఒకటి, తెలంగాణలో రాంజీ గోండు పేరుతో హైదరాబాదులో ఒకటి.

మంచిదే. ఎన్నో తరాలుగా పాఠ్యపుస్తకంలో ఒక పేరా కూడా దక్కని మనవాళ్ళకు భవనం దక్కింది. ఆ మాట మేము మనస్ఫూర్తిగానే అంటున్నాం. అయితే ఈ పదకొండింటికీ ఒకటే పేరు, ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం. ఆ పేరే ఒక జల్లెడ. ఎవరితో పోరాడితే లోపలికి వస్తారో, ఎవరితో పోరాడితే బయట ఉండాలో ఆ పేరు ముందే చెప్పేస్తుంది. శత్రువు బ్రిటిషువాడైతే తలుపు తెరుచుకుంటుంది. నిజాం అయితే కొంచెం ఆలోచించి తెరుస్తారు. షావుకారు, జంగ్లాత్ వాళ్ళు, పట్వారీ అయితే వాళ్ళను బ్రిటిషు కాలంలో నిలబెట్టి చూపిస్తారు. 1950 తరువాతి షావుకారుకు, 1950 తరువాతి జంగ్లాత్ వాళ్ళకు ఆ గదిలో చోటు లేదు.

రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులో మాన్‌గఢ్ అనే గుట్ట ఉంది. 1913 నవంబరు 17న గోవింద్ గురు వెంట అక్కడ చేరిన భిల్లుల మీద బ్రిటిషు సైన్యం కాల్పులు జరిపింది. 1,500 మంది చనిపోయారని అక్కడి జనం చెబుతారు. 2022 నవంబరు 1న ప్రధానమంత్రి, మూడు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఒకే వేదిక మీద కూర్చుని ఆ గుట్టకు నమస్కరించారు. ఆ ముఖ్యమంత్రులలో వేరే పార్టీ ఆయన కూడా ఉన్నారు. పార్టీలు వేరైనా మాన్‌గఢ్ దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే కాల్చినవాడు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇంద్రవెల్లికి రండి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. దున్నుకుంటున్న పోడు భూములకు పట్టాలు కావాలి, పండించిన పంటకు ధర కావాలి, షావుకార్ల దోపిడి ఆగాలి. అడిగినవి ఇవే. సభను నిషేధించి 144 సెక్షన్ పెట్టారు. సంతకు వచ్చినవాళ్ళెవరో, సభకు వచ్చినవాళ్ళెవరో ఎవరు చెప్పగలరు? గూడేల నుంచి కాలినడకన వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. పౌరహక్కులవాళ్ళు, మన పెద్దలు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. శవాలను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు, అడవిలోనే మట్టి చేసినవాళ్ళు కాగితంలోకి రాలేదు.

1983లో అక్కడ స్తూపం లేచింది. సంఘం లేపిన స్తూపం అది. 1986లో దాన్ని పేల్చేశారు. ఎవరు పేల్చారంటే గుర్తు తెలియని వ్యక్తులు. మన ప్రాంతంలో గుర్తు తెలియని వ్యక్తులు చేసే పనులకు ఒక ప్రత్యేకత ఉంది, వాళ్ళు ఎప్పటికీ గుర్తు తెలియరు. ఆదివాసులు పట్టుబట్టాక ఐటీడీఏ ఆ స్తూపాన్ని మళ్ళీ కట్టించింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఒక ప్రభుత్వం కాల్పులు జరిపింది, అదే ప్రభుత్వంలో ఇంకో శాఖ స్తూపం కట్టింది. కట్టిన తరువాత ప్రతి ఏప్రిల్ 20న అక్కడికి ఎవరూ వెళ్ళకుండా 144 సెక్షన్ పెట్టడం ఏళ్ళ తరబడి సాగింది. స్మారకం ఉంది, స్మరించడానికి అనుమతి లేదు. మాన్‌గఢ్‌కు, ఇంద్రవెల్లికి మధ్య తేడా చనిపోయినవాళ్ళలో లేదు. వాళ్ళు భిల్లులు, వీళ్ళు గోండులు, ఇద్దరూ అడిగింది ఇంచుమించు ఒకటే. తేడా తుపాకి ఎవరిదన్న దాంట్లోనే ఉంది.

స్వతంత్ర భారతదేశంలో జరిగిన కాల్పులను ఏ ప్రభుత్వమూ గుర్తుపెట్టుకోదు అనుకోవద్దు. జార్ఖండ్‌లో ఖర్సావాన్ ఉంది. స్వాతంత్ర్యం వచ్చి ఆరు నెలలు కూడా కాకముందే, 1948 జనవరి 1న, అక్కడి సంతలో చేరిన ఆదివాసుల మీద ఒరిస్సా మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 35. జనం చెప్పే లెక్క వందలలో ఉంటుంది. అదీ సంత రోజే కావడం మాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. ఈనాడు ప్రతి జనవరి 1న జార్ఖండ్ ముఖ్యమంత్రులు అక్కడికి వెళ్ళి పూలు పెడతారు. కొత్త సంవత్సరం అక్కడివాళ్ళకు సంతాప దినం. కాల్చినది ఒరిస్సా, పూలు పెట్టేది జార్ఖండ్, కాబట్టి సులువు అని ఒకరు అనవచ్చు. అందులో నిజం ఉంది. అయినా ఒక దారి అయితే ఉంది.

జార్ఖండ్‌కే చెందిన ఇంకో సంగతి. ముండాలకు చనిపోయిన పెద్దల జ్ఞాపకంగా రాయి నిలబెట్టే ఆచారం తరతరాల నుంచి ఉంది. 2017, 2018 సంవత్సరాలలో ఖుంటీ ప్రాంతంలో గ్రామాలవాళ్ళు అలాంటి పెద్ద రాళ్ళనే నిలిపి వాటి మీద రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు గురించి, గ్రామసభ హక్కుల గురించి చెక్కించారు. పత్థల్‌గడీ అంటే అదే. ఆ రాళ్ళు నిలిపినందుకు పెద్ద సంఖ్యలో జనం మీద రాజద్రోహం కేసులు పడ్డాయి. 2019 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఆ కేసులు ఎత్తివేయాలని నిర్ణయించారు. ఖుంటీ బిర్సా పుట్టిన ప్రాంతం. బిర్సా ముండా విగ్రహం పెట్టడం గౌరవం, బిర్సా మనవలు రాయి పెట్టడం నేరం అయింది. స్మారకం ఎవరు కట్టాలన్న ప్రశ్న ఇంత తేటగా ఇంకెక్కడా కనిపించదు.

మన దగ్గరి మాటకొస్తే కుమ్రం భీం. మనవాళ్ళు పలికేది కుమ్రం, కాగితాలు చాలాకాలం కొమురం అనే రాశాయి. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి, దున్నుకుంటున్న గోండులను, కోలాములను వెళ్ళగొడుతుంటే భీం పన్నెండు గూడేలవాళ్ళను కూడగట్టి జోడేఘాట్ గుట్టల్లో నిలబడ్డాడు. 1940లో నిజాం పోలీసుల తూటాలకు చనిపోయాడు. తరువాత నలభై, యాభై ఏళ్ళు ఆయనను మోసింది పాట, కథ, సంఘం. 1980లలో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగువారి మహనీయులంటూ వరుసగా విగ్రహాలు పెట్టినప్పుడు ఆ వరుసలో భీం లేడు. 2012లో ఆయన విగ్రహం అక్కడికి వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 25 కోట్ల రూపాయలతో జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం ప్రకటించారు, 2016లో తెరిచారు. అదే సంవత్సరం ఆయన పేరుతో జిల్లా వచ్చింది. ఇవన్నీ అడగకుండా వచ్చినవి కావు. ఏటేటా వర్ధంతికి జనం గుట్ట ఎక్కి అడిగితే వచ్చినవి.

ఆ వర్ధంతి తేదీ సంగతి ఉపాధ్యాయులు పిల్లలకు తప్పకుండా చెప్పాలి. కొన్ని రాతల్లో భీం చనిపోయింది 1940 సెప్టెంబరు 1 అని ఉంటుంది. మనవాళ్ళు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి నాడే జోడేఘాట్ వెళతారు. చనిపోయిన రాత్రి నిండు చంద్రుడు ఉన్నాడని పెద్దలు చెప్పిన మాట మీద నిలబడ్డారు. ఇవాళ కలెక్టరు, మంత్రి కూడా ఆ పౌర్ణమికే వస్తారు. ఏటా తేదీ మారుతుంది, ఆఫీసువాళ్ళు పంచాంగం చూసుకోవాలి. ప్రభుత్వ కార్యక్రమం మన లెక్కకు లొంగిన చోటు అది ఒకటి. చిన్న విషయంలాగే ఉంటుంది, కాని ఒక స్మారకం మీద ఎవరి జ్ఞాపకం చెల్లుతుందన్న పోట్లాటలో మనం గెలిచిన చోటు.

గెలవని చోటు కూడా ఉంది. భీంను ఇప్పుడు రెండు రకాలుగా చూపిస్తున్నారు. నిజాంకు ఎదురు తిరిగిన వీరుడు, అంతే. లేదా సినిమాలో చూసిన బలశాలి. 2022లో వచ్చిన ఆ సినిమా చూసి భీం ఢిల్లీలో తెల్లదొరలతో కొట్లాడాడని నమ్మే పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. సినిమా సినిమాయే, దాన్ని తప్పుపట్టం. అయితే మ్యూజియం చేయాల్సిన పని అక్కడే ఉంది. భీం నిజాంతో పోరాడింది నిజాం ఏ మతమో చూసి కాదు, నేల పోతున్నందుకు. ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాస్తే భీం కథ 1940లో ఆగదు. ఎందుకంటే నేల పోవడం 1940లో ఆగలేదు.

భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం భయపడింది. ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్‌ను పెట్టుకుంది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. మన ఉపాధ్యాయ వృత్తికి మూలం అక్కడ ఉంది, మనలో ఎంతమంది ట్రైనింగ్‌లో ఆ సంగతి విన్నాం? వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. అంటే భీంను చంపిన రాజ్యమే, భీం అడిగినదానిలో కొంత ఇచ్చింది. ఈ మాట చెబితే నిజాంను పొగిడినట్టు అవుతుందని కొందరు భయపడతారు. మాకు ఆ భయం లేదు. భీం చావు వల్ల ఆ భూములు వచ్చాయి అన్నది అందులోని అసలు మాట. అయితే తరువాతి మాట ఇంకా చేదు. హైమండార్ఫ్ ముప్పై ఏళ్ళ తరువాత మళ్ళీ వచ్చి చూసి, 1982లో వచ్చిన తన పుస్తకంలో, అప్పట్లో ఇచ్చిన భూములు బయటివాళ్ళ చేతుల్లోకి ఎలా వెళ్ళిపోయాయో రాశాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిచేసిన 1970 నాటి ఒకటో నిబంధన, మనం 1/70 అనేది, ఉండగానే వెళ్ళిపోయాయి. ఇంద్రవెల్లి కాల్పులకు కారణం అదే. జోడేఘాట్ నుంచి ఇంద్రవెల్లికి రోడ్డు మీద ఎంత దూరమో గాని, చరిత్రలో అది ఒకే కథలో మొదటి పేజీ, రెండో పేజీ. మ్యూజియం మొదటి పేజీని గాజు పెట్టెలో పెట్టి రెండో పేజీని చించేసింది.

ఇంకా దగ్గరి కాలం చూడండి. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం 49 నంబరు జీవో ఇచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు లక్షన్నర హెక్టార్ల అడవిని పులుల రాకపోకల కోసం కన్జర్వేషన్ రిజర్వు చేస్తామని అందులో ఉంది. ఆ రిజర్వుకు పెట్టిన పేరు కుమ్రం భీం. అడవిని రిజర్వు చేయడానికి ఎదురు తిరిగి చనిపోయిన మనిషి పేరు అడవి రిజర్వుకు! మన సంఘాలు బంద్‌లు చేసి, ఎక్కడికక్కడ నిలదీస్తే జూలైలో ఆ జీవోను ఆపి పెట్టారు. పులి బతకకూడదని మనం అనడం లేదు, పులితో కలిసి బతికినవాళ్ళం. పేరు పెట్టడం ఎంత తేలికో, ఆ పేరుగల మనిషి ఏమన్నాడో వినడం ఎంత కష్టమో చూపడానికే ఈ జీవో మాట ఎత్తాం.

ఆంధ్ర వైపు మన సోదరుల దగ్గర కథ వేరు. అక్కడ పేరు పెట్టడంలో లోటు లేదు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. అదే ఏడాది జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. రాజు మన్యం కోసం ప్రాణమిచ్చాడు, ఆయనకు ఎంత గౌరవం ఇచ్చినా ఎక్కువ కాదు. అయితే 1922 నుంచి 1924 దాకా సాగిన ఆ ఫితూరీలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది ఒక్క మనిషి కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయడానికి కూలి ఇవ్వకుండా వెట్టి చేయించుకున్న గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మీద మన్యం జనానికి ఉన్న కోపం ఆ ఫితూరీకి బలం. గాం గంటందొర 1924లోనే చంపబడ్డాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర జైలు నుంచి బతికి వచ్చి 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. ఫితూరీ చేసినవాడు పార్లమెంటులో కూర్చున్నాడు! ఇలాంటి కథ మన పిల్లలకు ఎంత ధైర్యం! విగ్రహం ఒక్కరికే సరిపోతుంది, ఫితూరీ వందలమందిది. అంతకు ముందు 1879 రంప ఫితూరీ ఉంది, కల్లు గీతకు పన్ను, ముఠాదారుల మీద ఒత్తిడి, అడవి ఆంక్షలు దాని వెనుక ఉన్నాయి. మైదానంలో విగ్రహం పెట్టినప్పుడు ఆ పన్ను సంగతి చెప్పడానికి చోటు ఉండదు కాబోలు.

ప్రభుత్వం మారినప్పుడల్లా గతం కూడా మారుతుందని పెద్ద తరగతుల పిల్లలకు చూపించాలంటే సెప్టెంబరు 17 చాలు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు అది, 1948లో. 2022లో కేంద్రం ఆ రోజును హైదరాబాద్ విమోచన దినం అని జరిపింది. రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఒకే ఊళ్ళో, ఒకే రోజున, రెండు జెండా వందనాలు, రెండు పేర్లు. 2022లో ఆ రోజే బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్‌ను ప్రారంభించారు. 1948 సెప్టెంబరు 17 తరువాత జోడేఘాట్ గూడేలలో ఏం మారింది, పట్టాలకు ఏమైంది అన్నది ఏ వేదిక మీదా ఎవరూ అడగలేదు. విమోచన అన్నా, సమైక్యత అన్నా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

రాష్ట్ర చిహ్నం మీద కాకతీయ కళాతోరణం ఉంది. మేడారంలో కోటిమందికి పైగా మొక్కే సమ్మక్క సారలమ్మలు ఆ కాకతీయుల సైన్యంతోనే, కరువులో కప్పం కట్టలేమని పోరాడి చనిపోయారని మన కథ. ప్రభుత్వం ఒక చేత్తో తోరణాన్ని, ఒక చేత్తో గద్దెలను పట్టుకుంది. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహం జరిపారు. 2024లో కొత్త ప్రభుత్వం రాచరిక గుర్తులు వద్దంటూ తోరణాన్ని, చార్మినార్‌ను తీసేసి కొత్త చిహ్నం తేవాలనుకుంది, గొడవ అయ్యాక వాయిదా వేసింది. తోరణం తీసేయాలని మేము అడగడం లేదు. ఆ శిల్పం చెక్కిన చేతులు కూడా కూలి చేతులే. తోరణం పక్కన, ఈ రాజ్యంతో కోయలు యుద్ధం చేశారని కోయలు చెప్పుకుంటారు అని ఒక పంక్తి రాయడానికి ఎవరికి ఏం అడ్డం? రాజు కథ చెప్పే బోర్డు మీద రాజుకు ఎదురు నిలిచినవాళ్ళ కథ కూడా పడితే, చదివే పిల్లవాడు రెండూ తూచుకుంటాడు.

పురావస్తు చట్టం గురించి ఒక్క మాట. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన స్మారకం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్ళు ఉండాలి. కోటలు, గుళ్ళు, సమాధులు అందులో సులువుగా ఇముడుతాయి. నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన వెంట పోరాడినవాళ్ళను ఉరితీశారని జనం చెప్పుకునే వెయ్యి ఉరుల మర్రి చెట్టు ఇముడుతుందా? ఆ మర్రి ఇప్పుడు లేదు. రాంజీ వెంట గోండులే కాదు, రోహిల్లాలూ పోరాడారు. మర్రి పోయినా ఆ సంగతి పోకుండా కాపాడాల్సింది ఎవరు? మన స్మారకాలు చెట్లు, వాగులు, గుట్టలు, పేర్లు. వాటికి కంచె వేసే చట్టం లేదు, కొన్నిసార్లు కంచె వేస్తే మనల్నే బయట పెడతారు.

ఇదంతా చదివి, అయితే ప్రభుత్వ మ్యూజియాలు మనకు వద్దా అని యువకులు అడుగుతారు. మాకు కావాలి. జోడేఘాట్‌కు, పాడేరుకు పిల్లలను తీసుకుపోతూనే ఉంటాం. అయితే మనమే కట్టుకున్నవాటి వైపు కూడా చూడాలి. కేస్లాపూర్‌లో నాగోబా గుడిని మెస్రం వంశంవాళ్ళు తమ ఇళ్ళ నుంచి చందాలు వేసుకుని, పంట డబ్బులోంచి పక్కన పెట్టుకుని, రాతితో కొత్తగా కట్టుకున్నారు. 2022 డిసెంబరులో అది తెరుచుకుంది. అక్కడ ఏ రాయి మీద ఏ కథ చెక్కాలో చెప్పడానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేకపోయింది. అదే కేస్లాపూర్ జాతరలో 1940లలో హైమండార్ఫ్ సలహాతో మొదలైన దర్బారుకు ఇవాళ్టికీ అధికారులు వచ్చి అర్జీలు తీసుకుంటారు. గుడి మనది, దర్బారు ప్రభుత్వానిది, రెండూ ఒకే చోట నడుస్తున్నాయి. మ్యూజియం కూడా అలా నడవవచ్చు.

ఉపాధ్యాయులకు మేము చెప్పేది పెద్ద పనేమీ కాదు. మ్యూజియానికి పోయేటప్పుడు పిల్లల చేతికి నోటుబుక్కు ఇవ్వండి. ప్రతి బోర్డు దగ్గరా ఇది ఎవరు రాశారు, ఏ సంవత్సరం ఉంది, ఏ సంవత్సరం లేదు అని రాసుకోమనండి. మొదటి గదిలో సంవత్సరం లేని బుట్ట చూశాక, ఇంటికి వెళ్ళి అవ్వను అడగమనండి. ఆ వెదురు ఇప్పుడు దొరుకుతుందా, ఎప్పటి నుంచి దొరకడం లేదు, జంగ్లాత్ వాళ్ళు ఎప్పుడు ఆపారు అని. బుట్టకు సంవత్సరం అక్కడే దొరుకుతుంది. మా పిల్లలు ఇలా రాసుకొచ్చిన నోటుబుక్కులలో 1947 తరువాతి సంవత్సరాలే ఎక్కువ ఉన్నాయి.

చివరగా ఇంద్రవెల్లి. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వచ్చి స్తూపం దగ్గర నివాళి అర్పించారు, స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. 144 సెక్షన్ల నుంచి ఇంతదూరం రావడం తక్కువ మాట కాదు. మొక్కలు నాటుతారు, బెంచీలు వేస్తారు, గేటు పెడతారు. ఆ గేటు లోపల ఒక ఫలకం ఉండాలి. ఆ ఫలకం మీది రాత మన గ్రామసభలలో చదివి వినిపించి, ఒప్పుకున్నాక చెక్కాలని మేము అడుగుతున్నాం. అందులో ఏం ఉండాలో కూడా చెబుతున్నాం. 1981 ఏప్రిల్ 20 సోమవారం అని ఉండాలి. సంత అని ఉండాలి. జనం ఏం అడిగారో ఉండాలి, పట్టాలు, ధర, షావుకార్ల సంగతి. దుర్ఘటన అని కాక, పోలీసులు కాల్పులు జరిపారు అని ఉండాలి. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 అని, జనం చెప్పే లెక్క దానికంటే చాలా ఎక్కువ అని, రెండూ పక్కపక్కన ఉండాలి. స్తూపం 1986లో పేల్చబడిందని ఉండాలి. గోండీలో, కోలామీలో, తెలుగులో ఉండాలి, గోండీ పైన ఉండాలి. ఇంకా పేర్లు దొరికితే చెక్కడానికి కింద కొంత రాయి ఖాళీగా వదలాలి.